వేటపాలెపు సారస్వత నికేతనము: ఒకనాఁటి యాత్ర

యాత్ర యనఁగానే మన యిండ్లలో గుడియో, తీర్థమో, పెండ్లియో జ్ఞప్తికి వచ్చును. కాశికిఁ బోయి వచ్చినవారిని, తిరుపతికిఁ బోయి వచ్చినవారిని మనము పిలిచి ప్రసాదము పుచ్చుకొందుము. పుస్తకములు చూచి వచ్చుటకై రైలెక్కుదుమనిన మాత్రము "ఇదేమి విడ్డూరము!" అని ముక్కుమీఁద వ్రేలువేసికొనువారే మెండు. మేము బయలుదేరునపుడు ఇరుగుపొరుగువారు అట్లే నవ్విరి. తిరిగివచ్చి చూచినదంతయుఁ జెప్పిన పిమ్మట, నవ్వినవారిలో నిద్దఱు "మఱల నెప్పుడు పోవుదురు? మేమును వత్తుము" అని యడిగిరి. అందువలననే యీ నాలుగు మాటలు సోదరీమణులకు వ్రాయుటకు సాహసించితిమి.

గత మాఘమాసమునఁ దెనాలిలో రైలెక్కితిమి. మాతో మా పెద్దమ్మయు, మా చెల్లెలి కూఁతురును వచ్చిరి. పెద్దమ్మకు డెబ్బదియేండ్లు దాటినవి. ఆమెకు పుస్తకములతోఁ బనిలేదు. మాఘమున సముద్రస్నానము పుణ్యము గనుక, చీరాల వాడరేవులో మునుకకు ఒప్పుకొన్నచో, పిదప మేము చెప్పినచోటికి వచ్చెదనని బేరమాడి బయలుదేరినది. బాలిక తొమ్మిదవ తరగతి చదువుచున్నది. దాని చేతిలో సెల్‌ఫోను, చెవులలోఁ దీగెలు. ఆమెకుఁ బుణ్యము, దీనికి ఫోను, మాకుఁ బుస్తకములు. ఇట్లు మువ్వురము మూఁడు త్రోవలవారమై యొక్క బల్లమీఁదనే కూర్చుంటిమి.

బాపట్ల వఱకును నల్లరేగడి మాగాణి. వరికోఁతలు ముగిసిన పొలములలో మినుపచేలు పచ్చగా పఱచికొని యున్నవి. బాపట్ల దాటిన కొలఁదిని నేల రంగు మాఱును. ఇసుకపఱ్ఱలు, తాడిచెట్లు, సరుగుడుతోఁటలు, నడుమ నడుమ జీడిమామిడి చెట్లు కానవచ్చును. ఎడమవైపు కిటికీనుండి వచ్చు గాలిలో ఉప్పుదనము తెలియును. చీరాలలో దిగి, వాడరేవునకుఁ బోయి, పెద్దమ్మ కోరిక తీర్చి, తడిబట్టలు సంచిలోఁ బెట్టుకొని ఆటోలో వేటపాలెమునకు మరలితిమి.

ఆ త్రోవలో జాండ్రపేట కలదు. అది నేఁతగాండ్ర యూరు. వీధివెంటఁ బోవుచుండఁగా మగ్గముల చప్పుడు చెవినిఁ బడినది. ఈ ప్రాంతమునకు మన దేశచరిత్రలో నొక గౌరవస్థానమున్నది. చీరాల, పేరాలలను పురపాలక సంఘముగా నొనర్చి ప్రభుత్వమువారు పన్నులు పెంచినపుడు, బీదలైన నేఁతగాండ్రును రైతులును ఆ భారమును మోయలేమని మొఱపెట్టుకొనిరి. ప్రభుత్వము వినలేదు. అంతట 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు తమ యిండ్లు విడిచి, ఊరివెలుపల పాకలు వేసికొని, ఆ చోటికి రామనగరమని పేరు పెట్టుకొని, నెలల తరబడి ఎండకును వానకును ఓర్చి కాపురములు చేసిరి. పొయ్యిని పెఱికి మఱియొకచోటఁ బెట్టుట యెంత కష్టమో మన స్త్రీలకుఁ జెప్పఁబనిలేదు. ఆ దినములలో ఊరికొక్కఁడు పత్రిక చదువఁగలవాఁ డున్నచో, వాని చుట్టును పదిమంది కూర్చుండి వినుచుండెడివారు. అట్టి కాలమునందే, అట్టి సీమయందే, మేము చూడఁబోవు గ్రంథాలయము పుట్టినది.

వేటపాలెము పెద్దయూరు కాదు. జీడిపప్పు వ్యాపారమున కిది పేరుపొందినది. జీడిగింజలు కొట్టి పప్పు తీయు పనిలో స్త్రీలే యెక్కువగాఁ గనఁబడుదురు. గింజ పెంకులోని నూనె చర్మమునకుఁ దగిలిన బొబ్బలెక్కును. మన పాయసములో తేలు తెల్లని పప్పు వెనుక ఇట్టి చేతులున్నవని మేము బాలికకుఁ జూపితిమి. అది మొదటిసారిగా చెవులలోని తీగెలు తీసి, కొంతసేపు మాటలాడక చూచినది.

సారస్వత నికేతనము 1918వ సంవత్సరమున స్థాపింపఁబడినది. దీనికి మూలపురుషులు ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు. అంతకు నాలుగేండ్ల క్రిందట, 1914లో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారు మున్నగువారి కృషివలన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడి యుండెను. ఊరూరను గ్రంథాలయములు వెలసిన కాలమది. వానిలో నెన్నియో కాలగర్భమునఁ గలిసినవి, ఇది నిలిచినది. 1929లో గాంధిమహాత్ముఁడు ఆంధ్రదేశమునఁ బర్యటించుచు నిచ్చటికి వచ్చి, గ్రంథాలయ భవనమునకు శంకుస్థాపన చేసిరి. వారి చేతికఱ్ఱ నిచ్చట భద్రపఱచి యున్నారు. పెద్దమ్మ ఆ కఱ్ఱను చూచి చేతులు జోడించినది. "మీ పుస్తకాల గుడిలో దేవుడు కూడా ఉన్నాడే!" అని నవ్వినది.

లోపల అడుగిడినంతనే పాతకాగితపు వాసన కొట్టును. తాతలనాఁటి పెట్టె తెఱచినపుడు వచ్చు వాసనవంటిది. బీరువాలవెంట బీరువాలు, వానినిండఁ బుస్తకములు, తాళపత్రములు, కట్టలు కట్టలుగా నూఱేండ్లనాఁటి పత్రికలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయినుండి వారపత్రికగా నారంభించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా నడపిన ఆంధ్రపత్రిక పాతసంచికలు ఇచ్చట చూడవచ్చును. పరిశోధనలు చేయువారు దూరదేశములనుండి సైతము వీనికొఱకు వత్తురు.

అచ్చటి యుద్యోగి యొకరు మాకొక సంపుటమును తెచ్చి, మెల్లగా బల్లపైనుంచి, పుట త్రిప్పు విధమును నేర్పిరి. పుట మూలను పట్టి లాగరాదు. అరచేయి క్రిందఁ జొనిపి, నిద్రించు శిశువు నెత్తినట్లెత్తి త్రిప్పవలెను. వార్తాపత్రికల కాగితము కొయ్యగుజ్జుతోఁ జేసినదగుటచే వెలుతురును గాలియుఁ దగిలి పసుపువాఱి, పిదప అప్పడమువలె విఱిగిపోవును. తాటాకు మాత్ర మట్లుకాదు. గంటముతో వ్రాసి, మసి పూసి, నూనె రాచి, పొడిగాఁ గాపాడినచో వందల యేండ్లు నిలుచును. "అయితే ముందువాళ్లకే తెలివెక్కువన్నమాట" అని బాలిక యన్నది. తాటాకుపై వ్రాసినది గ్రంథమునకొక్క ప్రతియే, అచ్చువేసినది వేయి యిండ్లకుఁ బోవును, ఒక్కొక్క తెలివి కొక్కొక్క ప్రయోజనమని మేము చెప్పితిమి.

అప్పుడది యడిగినది: "ఇవన్నీ ఫోనులోకి ఎక్కిస్తే సరిపోదా? అసలు చదవడమెందుకు? చదివి వినిపించేవాళ్లు బోలెడుమంది ఉన్నారుగా, వింటే చాలదా?"

మేము దీనికేమి సమాధానము చెప్పుదుమా యని యాలోచించుచుండఁగా, పెద్దమ్మ బల్లమీఁది పత్రికను చూచుచునే మాటలాడ నారంభించినది. ఆమె చెప్పిన సంగతి మా యింట అందఱికిని సగము సగముగాఁ దెలియును. ఆమెయే నోరు తెఱచి చెప్పుట మే మెన్నఁడును వినలేదు.

పెద్దమ్మ బాల్యమున మూఁడవ తరగతివఱకును చదివినది. పిదప తమ్ముని నెత్తికొనుటకు మనిషి కావలసివచ్చి బడి మాన్పించిరి. అక్షరములు మఱవలేదు గాని వాక్యము పట్టుపడలేదు. తన పేరు వ్రాయఁగలదు. పెదనాన్నగారు పోయిన యేడాదికి, పెనిమిటి వైపు బంధువొకరు కాగితము తెచ్చి, నీటితీరువా పేరు మార్పునకై చేవ్రాలు కావలెనని చెప్పిరఁట. చావడిలో పదిమంది కూర్చుండి యుండిరి. ఆమె చేవ్రాలు చేసినది. అది నీటితీరువా కాగితము కాదు. ఎకరము పాతికసెంట్ల మాగాణిపై తనకుఁ గల హక్కును విడిచిపెట్టు దస్తావేజు. సంగతి బయటపడునప్పటికి రెండేండ్లు గడచినవి. కోర్టున కెక్కుటకు ఆమెకు ధనమును లేదు, అండయును లేదు.

"చదివి చెప్పమని అడగడానికి సిగ్గేసిందే" అన్నది పెద్దమ్మ. "పదిమందిలో నాకు చదువు రాదని ఎందుకు బయటపడాలని, అన్నీ తెలిసినదానిలా తలవూపి సంతకం పెట్టాను. పొలం పోయింది, పోనీ. ఆ తలవూపుడే ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు. ఆయన చెప్పాడు, నేను విన్నాను. వింటే చాలదా అంటున్నావు కదా, నేను విన్నదానికి ఖరీదు ఎకరంపాతిక."

బాలిక తల వంచుకొన్నది. మేమును మాటలాడలేకపోయితిమి. కొంతసేపటి వఱకును పంకా తిరుగు చప్పుడే వినఁబడినది.

సోదరీమణులారా! చదువు ఏల యను ప్రశ్నకు గ్రంథములలోఁ బెద్ద పెద్ద సమాధానములున్నవి. జ్ఞానమునకని, సంస్కారమునకని, కాలక్షేపమునకని చెప్పుదురు. అవన్నియు నిజములే. కాని ఆ మధ్యాహ్నము మాకుఁ దోఁచినది వానికంటె చిన్నది, వానికంటె గట్టిది. వినుటకుఁ జెప్పువాఁడొకఁడు కావలెను. వాఁడు మంచివాఁడైన మన యదృష్టము, కానిచో మన ఖర్మము. చదువుటకు మన కన్నులే చాలును. చెప్పువాని మాట గాలిలోఁ బోవును. వ్రాసిన మాట యెదుట నిలిచియుండును. అర్థముకానిచోట ఆగవచ్చును, వెనుకకుఁ బోయి మఱల చూడవచ్చును, ఇది యిట్లేల యున్నదని మనలో మనము ప్రశ్నించుకొనవచ్చును. ఫోనులోని బొమ్మ మనకొఱ కాగదు. పుస్తకములోని పంక్తి మనము కదలుమనువఱకును కదలదు.

పెద్దమ్మ మనసు మఱలించుటకై మేము స్త్రీలకొఱకు వెలువడిన పాతపత్రికలేవైన నుండిన చూపుఁడని కోరితిమి. 1902లో హిందూసుందరి, 1928లో గృహలక్ష్మి మొదలైన పత్రికలు మన ముత్తవ్వల కొఱకుఁ బుట్టినవి. ఆ కాలమున వానిని చదువుట యంత సులభము కాదు. 1951 జనగణన నాఁటికి సైతము భారతదేశపు స్త్రీలలో నూటికిఁ దొమ్మండ్రు మాత్రమే అక్షరాస్యులు. 2011 నాఁటికి ఆ సంఖ్య సుమారు అఱువదియైదున కెక్కినది. అనఁగా ఆనాఁటికిని నూటికి ముప్పదియైదుగురు మా పెద్దమ్మకంటెను వెనుకబడి యుండిరన్నమాట.

భండారు అచ్చమాంబగారి కథ మేము బాలికకుఁ జెప్పితిమి. ఆమె 1874లో జన్మించెను. బడికిఁ బోయినది లేదు. పదియేండ్ల ప్రాయముననే వివాహమైనది. తమ్ముఁడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండఁగా, ఆయన సాయముతోఁ దెలుఁగు, హిందీ నేర్చి, పిదప ఇతర భాషలును అభ్యసించి, అబలా సచ్చరిత్ర రత్నమాల యను పేర స్త్రీల చరిత్రలను గ్రంథముగా వ్రాసెను. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితోఁ గలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. 1905లో, ముప్పదియొక్క యేఁటికే కాలధర్మము చెందెను. వంగదేశమున రాససుందరీదేవి యనునామె, స్త్రీ చదివిన నపచారమను కాలమున, చైతన్య భాగవతములోని యొక యాకును దొంగిలించి వంటయింట దాచుకొని, కొడుకు వ్రాసికొనిన తాటియాకులోని యక్షరములతోఁ బోల్చుకొనుచు రహస్యముగాఁ జదువ నేర్చినది. 1876లో తన జీవితమును తానే గ్రంథముగా వ్రాసి ప్రకటించినది. వంటయింటి పొగలో అక్షరములు నేర్చినవారు వారు. మనకిప్పుడు దీపమున్నది, తీఱికయు నంతో యింతో ఉన్నది. దాచుకొనవలసిన పని లేదు.

ఇంతలో ఉద్యోగి యొక పాతసంపుటమును తెచ్చిరి. బాలిక పుట త్రిప్పుచుండఁగా ఊరఁగాయలను గూర్చిన వ్యాస మొకటి కనఁబడినది. పెద్దమ్మ కన్నులద్దములు సవరించుకొని, వ్రేలు కాగితమునకుఁ దగులకుండ గాలిలోనే అక్షరముల వెంట నడపుచు, "ఆ... వ... కా... య" అని కూడబలికినది. ఒక్కొక్క మాటకు నిమిషము పట్టినది. పాలు వ్రాసిన పంక్తికి వచ్చి ఆగినది. మఱల మొదటినుండి చదివినది. పిదప కన్నులెత్తి, "ఇదేమిటే! ఉప్పు ఇంత తక్కువ వేస్తే కార్తికానికి బూజు పట్టదూ? ఈవిడెవరో ఆవకాయ పెట్టిందో లేదో, పుస్తకంలో మాత్రం రాసేసింది" అని గట్టిగానే యన్నది. పఠనమందిరమని మఱచి మువ్వురమును నవ్వితిమి. దూరపు బల్లదగ్గఱ నొక పెద్దమనుష్యుఁడు తలయెత్తి చూచెను. తిరిగి తన పుస్తకములోఁ దల దూర్చెను.

ఆ నవ్వులోనే మాకొక సంగతి తెలిసినది. అచ్చులో నున్నదంతయు వేదమని నమ్ముట చదువు కాదు. చదివినదానిని తన యనుభవముతో సరిచూచుకొని, ఔననో కాదనో చెప్పఁగలుగుటయే చదువు. చావడిలో నూరక తలవూపిన మనిషి, నూఱేండ్లనాఁటి కాగితముతో వాదులాడినది.

సాయంకాలమగుచుండఁగా సెలవు పుచ్చుకొంటిమి. వాకిట సందర్శకుల పుస్తకమున్నది. మేము వ్రాసితిమి, బాలిక వ్రాసినది. కలము పెద్దమ్మ చేతికిచ్చి, "ఇక్కడ పెట్టండి" అని చోటు చూపితిమి. ఆమె పెట్టలేదు. పుస్తకమును తనవైపు త్రిప్పుకొన్నది. "ఉండవే. ముందు ఇందులో ఏముందో చూడనీ" అని, పైనున్న గడుల పేర్లు ఒక్కొక్కటిగాఁ జదువ నారంభించినది. తేది. పేరు. ఊరు. చేవ్రాలు. రైలునకు వేళయగుచున్నది. మేము తొందరపెట్టలేదు. ఆ యుద్యోగియుఁ దొందరపెట్టలేదు. నాలుగును చదివి, సరియేనని తల పంకించి, అప్పుడు తన పేరు వ్రాసినది.

తిరుగు రైలులో పెద్దమ్మ నిద్రించినది. బాలిక ఫోను సంచిలోఁ బెట్టి కిటికీలోనుండి చూచుచు, "అమ్మమ్మకి పెద్దక్షరాల పుస్తకాలు దొరుకుతాయా?" అని యడిగినది.

దొరకును. ఏలూరో, గుంటూరో, వరంగల్లో పోనక్కఱలేదు. 1960వ సంవత్సరపు గ్రంథాలయ చట్టము ననుసరించి జిల్లాకొక గ్రంథాలయ సంస్థయు, దానిక్రింద శాఖాగ్రంథాలయములును ఏర్పడినవి. మనము కట్టు ఇంటిపన్నుతోఁ గూడ గ్రంథాలయపు పన్నును చేరి యున్నది. పన్ను కట్టి పుస్తకము తెచ్చుకొనకుండుట, అంగడిలో సొమ్మిచ్చి సరకు మఱచివచ్చుటవంటిది. ఒకప్పుడు పాతూరి నాగభూషణముగారు, చదువరి రానిచో పుస్తకమే పోవలెనని తలఁచి, 1935లో కాలువమీఁదఁ బడవగ్రంథాలయమును నడపించిరి. ఆనాఁడు పుస్తకము నీటిమీఁద మన రేవునకు వచ్చినది. నేఁడు మనము నాలుగు వీధులు నడచి పోలేమా?

మా మనవి యింతే. ఇంట బియ్యపుడబ్బా వలెనే పుస్తకమునకును నొక చోటు పెట్టుఁడు. మధ్యాహ్నభోజనమైన పిదప పావుగంట చాలును. అక్షరములు మఱచిన అత్తగారినో, తల్లినో ప్రక్కనఁ గూర్చుండఁబెట్టుకొని, మీరు చదివి వినిపింపకుఁడు, ఆమెచేతనే చదివింపుఁడు. ఆలస్యమైనను నవ్వకుఁడు. ఆ సిగ్గే యెందఱి పొలములనో మ్రింగినది.

మా పెద్దమ్మ పొలము తిరిగి రాలేదు; రాదు. కాని మొన్న నొకఁడు ఏదో పొదుపు పథకమని కాగితములు తెచ్చి, చేవ్రాలు చేయుమని యడుగఁగా, వానిని అరుగుమీఁదఁ గూర్చుండఁబెట్టి, మజ్జిగ యిచ్చి, కన్నులద్దములు తెప్పించుకొన్నది. అరగంట సేపు చదివినది. తనకు బోధపడని మూఁడు మాటలకు వ్రేలు పెట్టి, అర్థము చెప్పుమని యందఱి యెదుటను వానిని అడిగినది. రెండింటికి వాఁడు చెప్పఁగలిగెను. మూఁడవదానికి చెప్పలేకపోయెను. "అయితే అది తెలుసుకొని రా నాయనా, అప్పుడు పెడతాను" అని కాగితములు మడిచి వాని చేతి కిచ్చినది.